క్లీన్‌రూమ్‌కి తలుపులు ముందు తేల్చుకోవాలా, ఎఫ్‌ఎఫ్‌యూలు ముందా?

కొత్తగది:
అందరికీ నమస్తే. ఈ పనిలో నేను కొత్త. వైద్య పరికరాలు అసెంబుల్ చేసే గది ఒకటి కడుతున్నాం, ఐఎస్ఓ 7 రావాలి (గాలిలో కణాల హద్దు చెప్పే శుభ్రత తరగతి, అంకె తగ్గితే శుభ్రత ఎక్కువ). గది 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సీలింగ్ ఎత్తు 2.7. దాని ముందు గౌన్లు తొడుక్కునే గౌనింగ్ రూమ్, అది ఐఎస్ఓ 8. ఆ బయట కారిడార్. కారిడార్ సున్నా అనుకుంటే గౌనింగ్ రూమ్ 15 పాస్కల్స్, లోపలి గది 30. మనుషులకి గౌనింగ్ వైపు సింగిల్ డోర్, సామాను ట్రాలీకి కారిడార్ నుంచి నేరుగా లోపలి గదిలోకి డబుల్ డోర్ గీశాం.

తలుపులకి ఒకరి దగ్గర, గాలి పనికి వేరేవాళ్ల దగ్గర కొటేషన్లు తీసుకున్నాం. తలుపుల వాళ్లు సైజు చెబితే చాలంటున్నారు. గాలి పని వాళ్లలో ఒకరు ఎఫ్‌ఎఫ్‌యూలు (ఫ్యాన్, ఫిల్టర్ కలిసి ఉండే సీలింగ్ యూనిట్లు) వేద్దామంటే, ఇంకొకరు ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి పంపే పెద్ద యూనిట్) నుంచి డక్ట్ లాగి, దాని చివర సీలింగ్‌లో టెర్మినల్ హెపా ఫిల్టర్లు పెడదామంటున్నారు. మా మేనేజర్ గారికి ఆటోమేటిక్ స్లైడింగ్ గ్లాస్ డోర్ మీద మనసుంది. నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

గాలిలెక్క:
తమ్ముడూ, ఆ రెండు కొటేషన్లూ విడివిడిగా తీసుకోవడంలోనే చిక్కు ఉంది. గదిలో ప్రెజర్‌ని ఫ్యాన్ ఒక్కటే నిలబెట్టదు, తలుపు సందుకి కూడా అందులో వాటా ఉంది. మనం అదనంగా తోసే గాలి ఎంత, అది ఎంత సందులోంచి బయటికి పోతోంది, ఈ రెండిటి తూకంలోంచే ఆ 15 పాస్కల్స్ పుడతాయి.

లెక్క వేసి చూపిస్తాను. సందులోంచి పోయే గాలి సెకనుకి ఎన్ని క్యూబిక్ మీటర్లో కావాలంటే సందు వైశాల్యాన్ని ప్రెజర్ తేడా వర్గమూలంతో గుణించి, దాన్ని 0.83తో గుణించండి. సుమారుగా సరిపోతుంది. మీ సింగిల్ డోర్ 1 మీటరు వెడల్పు, 2.1 ఎత్తు అనుకుందాం. మూడు వైపులా 3 మి.మీ., కింద 6 మి.మీ. సందు. మొత్తం 0.0216 చదరపు మీటర్లు. 15 పాస్కల్స్ దగ్గర గంటకు దాదాపు 250 క్యూబిక్ మీటర్లు పోతాయి.

ఇప్పుడు మీ డబుల్ డోర్. ఒక్కో రెక్క 0.9 మీటరు, సందులు అంతే, రెండు రెక్కల మధ్య నిలువు సందు ఇంకొకటి కలుస్తుంది. పైగా దాని మీద 30 పాస్కల్స్. గంటకు 575 దాకా వస్తుంది.

మీ గది ఘనపరిమాణం 54 క్యూబిక్ మీటర్లు. గంటకు 40 ఎయిర్ చేంజెస్ (గది నిండా గాలి గంటకు 40 సార్లు మారడం) పెట్టుకుంటే సప్లై గంటకు 2,160 క్యూబిక్ మీటర్లు. అందులో 825 తలుపు సందుల్లోంచే వెళ్లిపోతోంది. సింగిల్ డోర్‌లోంచి పోయేది గౌనింగ్ రూమ్‌కి పనికొస్తుంది, ఆ 575 మాత్రం కారిడార్ పాలు. ఎఫ్‌ఎఫ్‌యూ గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది, బయటి నుంచి చుక్క గాలి తేదు. కాబట్టి ఈ 825నీ చల్లబరిచి, తేమ తీసి, ఫిల్టర్ చేసిన ఫ్రెష్ ఎయిర్‌గా ఇంకొక యూనిట్ తెచ్చిపెట్టాలి. తలుపు తేలకుండా ఆ యూనిట్ సైజు ఎలా తేలుతుంది చెప్పండి?

నైట్‌షిఫ్ట్:
నేను ప్రొడక్షన్ మనిషిని, గాలి లెక్కలు నాకు రావు గానీ ఆ డబుల్ డోర్ గురించి చెప్పాలి. మా పాత గదిలో అచ్చం అలాంటిదే ఉండేది. ట్రాలీతో వచ్చినవాడు రెండు రెక్కలూ తీసి, ట్రాలీ సగం లోపల సగం బయట ఉంచి, లోపలివాళ్లతో లెక్క సరిచూసుకునేవాడు. తప్పు వాడిదని నేను అనను. సామాను దించడానికి ఇంకో చోటు మేమే ఇవ్వలేదు.

ఇంకొక సంగతి. తలుపు పూర్తిగా తీస్తే రెక్క వెళ్లి గది గాలిని వెనక్కి లాగే, గోడ కింది రిటర్న్ గ్రిల్‌కి సరిగ్గా అడ్డం నిలబడేది. డ్రాయింగ్‌లో తలుపు మూసినట్టు గీస్తారు కాబట్టి ఎవరికీ కనబడలేదు. మీ డ్రాయింగ్‌లో రెక్క తిరిగే చాపం గీయించి, ఆ చాపంలో గ్రిల్ గానీ ప్రెజర్ గేజ్ గానీ స్విచ్ గానీ పడుతోందా చూసుకోండి.

రోజుకి ట్రాలీ ఎన్నిసార్లు వస్తుంది? పెట్టెలు చిన్నవైతే పాస్ బాక్స్ (గోడలో రెండు వైపులా తలుపులుండే పెట్టె) చాలు, ఆ తలుపే అక్కర్లేదు.

కొత్తగది:
రోజుకి నాలుగైదుసార్లు. పెట్టెలు చిన్నవే మేడం. పెద్ద యంత్రం మాత్రం ఒకసారి లోపలికి తేవాలి, మళ్లీ ఏళ్ల తర్వాతే బయటికి.

నైట్‌షిఫ్ట్:
అయితే యంత్రం కోసం గోడలో విప్పి బిగించే ప్యానెల్ ఒకటి ఉంచుకోండి. ఏళ్లకొకసారి చేసే పనికి రోజూ గాలి కారే తలుపు ఎందుకు?

చౌకట్టు:
పద్దెనిమిదేళ్లుగా క్లీన్‌రూమ్ తలుపులే బిగిస్తున్నాను. మేడం చెప్పింది ముమ్మాటికీ నిజం. ఇక స్లైడింగ్ డోర్ సంగతి. మేనేజర్ గారి ఇష్టాన్ని కొట్టిపారేయను. చేతులు ఖాళీ లేనిచోట, ఆపరేషన్ థియేటర్లలో, హెర్మెటిక్ స్లైడింగ్ డోర్ చక్కగా పనిచేస్తుంది. రెక్క తిరగదు కాబట్టి గాలిని విసరదు కూడా. కానీ దాని పట్టా, చక్రాలు, మోటారు అన్నీ పైన కవర్ వెనక ఉంటాయి. అక్కడికి తుడిచే గుడ్డ చేరదు. యూరోపియన్ జీఎంపీ అనెక్స్ 1 (స్టెరైల్ మందుల తయారీ మార్గదర్శకం) కూడా తుడవలేని గూళ్లు ఏర్పడతాయన్న కారణంతోనే స్లైడింగ్ తలుపులు వాంఛనీయం కాకపోవచ్చంటుంది. మీకు ఒక్క మనిషి పట్టే దారి, చేతిలో సామాను ఉండదు. బందుల తలుపే పెట్టండి.

రెక్క లోపల ఏముందో అడగండి, అది ఎవరూ అడగరు. పేపర్ హనీకోంబ్ అయితే తేలికగా ఉంటుంది, కానీ అడుగు అంచులోంచి మాప్ నీళ్లు పీల్చుకుందంటే ఉబ్బుతుంది. అల్యూమినియం హనీకోంబ్ గానీ పఫ్ (పాలియురేథేన్ ఫోమ్) గానీ మేలు. ఫైర్ రేటింగ్ కావాలంటే రాక్‌వూల్. అడుగు అంచు ఏ మెటీరియల్‌తో మూశారో రెక్కని పడుకోబెట్టి చూడండి, నిలబెట్టాక కనబడదు. చూపు అద్దం రెండు వైపులా రెక్క ముఖంతో సమానంగా ఉండాలి, బీడింగ్ లేచి ఉంటే అక్కడ దుమ్ము గీతలా నిలుస్తుంది.

తాళం, క్లోజర్ (తలుపుని దానంతట అదే మూసేది), తలుపుని పట్టి ఉంచే మాగ్నెట్ కోసం ఫ్రేమ్‌కి కోసిన కంతలు సైట్‌లోనే సీల్ చేయించండి. సందులు ఎంత బాగా మూసినా గాలి ఆ కంతల్లోంచి గోడ ప్యానెల్ డొల్లలోకి పోతుంటుంది.

కొత్తగది:
చాలా థాంక్స్ అన్నా. రెండు సందేహాలు. గాస్కెట్లు, డ్రాప్ సీల్ (తలుపు మూస్తే రెక్క అడుగు నుంచి కిందికి దిగే సీల్) అన్నీ వేసి తలుపుని పూర్తిగా బిగుతు చేసేస్తే సరిపోతుంది కదా? తలుపు ఏ వైపుకి తెరుచుకోవాలి?

గాలిలెక్క:
మొదటిదానికి నేను చెబుతాను. బిగుతు మంచిదే, కానీ దానికో హద్దుంది. సందులన్నీ మూసి సగటున అర మిల్లీమీటరుకి దించామనుకోండి. లీకేజీ 250 నుంచి 36కి పడిపోతుంది. కరెంటు బిల్లుకి పండగే. కానీ ఫిల్టర్ మురికిపట్టో డ్యాంపర్ కొంచెం కదిలో సప్లై, రిటర్న్‌ల మధ్య 20 క్యూబిక్ మీటర్ల తేడా వచ్చిందంటే? సందులున్న తలుపు దగ్గర 15 కాస్తా 17.5 అవుతుంది, లేదా 12.7కి దిగుతుంది. బిగుతు తలుపు దగ్గర అదే 20 తేడాకి 36కి ఎగరొచ్చు, లేదా 3కి పడిపోవచ్చు. ప్రెజర్ గాలి వర్గాన్ని బట్టి మారుతుంది, అందుకే ఇంత తేడా.

అందుకని తలుపు బిగుతుగా పెట్టి, గాలి పోవడానికి మనమే ఒక దారి ఇవ్వాలి. గోడలో బరువుతో తూగే ఫ్లాప్ ఒకటి, ప్రెజర్ స్టెబిలైజర్ అంటారు. తలుపు మూసి ఉన్నప్పుడు అది కొంచెం తెరుచుకుని ఉంటుంది, తలుపు తీస్తే మూసుకుంటుంది. లేదా సప్లైకి స్థిరమైన ఫ్లో ఇచ్చే సీఏవీ పెట్టి, రిటర్న్‌లో ప్రెజర్ చూసి కదిలే డ్యాంపర్ పెట్టుకోవచ్చు. మీ గది చిన్నది, ఫ్లాప్ చాలని నా అభిప్రాయం. తలుపు అడుగు సందునే లీకేజీ దారిగా వాడుకుందామని కొందరంటారు. నాకది నచ్చదు. నేల చదును కాస్త మారినా, సీల్ అరిగినా ఆ అంకె మారిపోతుంది.

చౌకట్టు:
రెండోది నాది. ఎక్కువ ప్రెజర్ ఉన్న గదిలోకి తెరుచుకోవాలి, అంటే మీ సింగిల్ డోర్ లోపలి గదిలోకి. అప్పుడు గాలే రెక్కని ఫ్రేమ్‌కి అదిమి పెడుతుంది, గాస్కెట్ బాగా నొక్కుకుంటుంది. 2.1 చదరపు మీటర్ల రెక్క మీద 15 పాస్కల్స్ అంటే 31.5 న్యూటన్లు, హ్యాండిల్ దగ్గర తోసేవాడికి అందులో సగం తెలుస్తుంది. దానికి క్లోజర్ బిగువు కలుస్తుంది. అది ఇబ్బంది కాదు. 45 పాస్కల్స్ గదుల్లో మాత్రం హ్యాండిల్ దగ్గరే దాదాపు 5 కిలోల బలం పెట్టాలి, అక్కడ ఆలోచించాలి.

అయితే అగ్నిప్రమాదం వస్తే బయటికి పరుగెత్తే దారి కూడా ఇదే. జనం ఎక్కువుండే గదికి బయటికే తెరుచుకోవాలని ఫైర్ నిబంధన ఉండొచ్చు. ఫైర్ వాళ్లని ముందే అడగండి. ప్రాణాల ముందు పాస్కల్స్ లెక్క కాదు.

బయటికి తెరుచుకునే తలుపైతే క్లోజర్ దగ్గర జాగ్రత్త. నేను పనిచేసిన ఒక చోట జరిగింది చెబుతాను. తలుపు తక్కువ ప్రెజర్ వైపు తెరుచుకునేది. కమిషనింగ్‌కి ముందు, ఫ్యాన్లు లేనప్పుడు, తలుపు చక్కగా మూసుకుంది, మేం సంతకాలు పెట్టించుకున్నాం. ఫ్యాన్లు వేశాక రెక్క వస్తూ వస్తూ ఫ్రేమ్‌కి రెండు వేళ్ల దూరంలో ఆగిపోయేది. అక్కడ సన్నగా ఈల. తలుపు బార్లా ఉన్నంతసేపు ప్రెజర్ తేడా ఉండదు, సందు సన్నబడే కొద్దీ పెరుగుతుంది, కాబట్టి క్లోజర్‌కి ఆఖరి నాలుగు డిగ్రీల్లోనే అసలు పరీక్ష. 15 పాస్కల్స్ మీటరు వెడల్పు తలుపుని దాదాపు 16 న్యూటన్ మీటర్ల తిప్పే బలంతో తెరిచి పట్టుకుంటుంది. మేం వేసింది క్లోజర్ల యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 1154 ప్రకారం 3వ సైజు, దాని మూసే బలం కనీసం 18. గాస్కెట్ నొక్కడానికి మిగిలింది ఏమీ లేదు. 4వ సైజుకి మార్చాం, దానికి కనీసం 26, అప్పుడు మూసుకుంది.

అసలు బాధ అది కాదు. ఇంటర్‌లాక్ ఉంది, అంటే ఒక తలుపు మూసుకుంటేనే రెండోది తెరుచుకునే ఏర్పాటు. ఈ తలుపు మూసుకోలేదు కాబట్టి అవతలి తలుపు మాగ్నెట్ వదల్లేదు. రెండు తలుపుల మధ్య ఎయిర్‌లాక్‌లో ఇద్దరు అమ్మాయిలు నిలబడిపోయారు. ఎమర్జెన్సీ బటన్ ఎక్కడుందో వాళ్లకి ఎవరూ చూపించలేదు. అద్దంలోంచి వాళ్ల ముఖాలు కనబడ్డాయి, ఈ రోజుకీ గుర్తుంది. అప్పటి నుంచి ఫ్యాన్లు నడుస్తుండగా తలుపు చూడకుండా నేను సంతకం అడగను.

పొగపరీక్ష:
వ్యాలిడేషన్ చేస్తుంటాను. చౌకట్టు అన్న చెప్పినదానికి కలుపుతున్నా: కరెంటు పోతే, ఫైర్ అలారం మోగితే మాగ్నెట్లన్నీ వదిలేయాలి. ఇంటర్‌లాక్ ప్యానెల్ సరఫరా చేసేవాళ్ల చేత దీన్ని మీ కళ్ల ముందు చేయించండి. ప్రతి తలుపు రెండు వైపులా ఎర్ర, పచ్చ దీపాలు ఉండాలి, లేకపోతే జనం హ్యాండిల్ పట్టి గుంజుతారు.

అసలు ఇంటర్‌లాక్ ఎందుకో కూడా తెలుసుకోండి. తలుపు తెరిస్తే 2.1 చదరపు మీటర్ల కంత. మీ అదనపు గాలి గంటకు 250, అంటే ఆ కంతలో సెకనుకి మూడు సెంటీమీటర్ల వేగం. మనిషి నడిస్తే అతని వెనకాలే వచ్చే గాలి అంతకంటే ఎన్నో రెట్లు. ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా తెరిచిన తలుపుని కాపాడలేరు. రెండో తలుపు మూసి ఉండటమే కాపాడుతుంది. అనెక్స్ 1, 2022 ప్రతిలో వేర్వేరు గ్రేడ్ల గదుల మధ్య కనీసం 10 పాస్కల్స్ మార్గదర్శకంగా ఇచ్చారు. అది తలుపులు మూసి ఉన్నప్పటి మాటే.

కొత్తగది గారూ, కొటేషన్‌లో 'ఐఎస్ఓ 7' అని ఒక్క ముక్క రాస్తే కుదరదు. ఖాళీగా యంత్రాలు మాత్రమే ఉన్నప్పుడా, మనుషులు పని చేస్తున్నప్పుడా? క్యూబిక్ మీటరుకి 0.5 మైక్రాన్లు, ఆపై కణాలు 3,52,000 దాటకూడదన్న హద్దు ఒకటే, కానీ రెండు స్థితులకీ కావలసిన గాలి వేరు. ఎవరైనా 'క్లాస్ 10,000' అని రాసిస్తే అది ఘనపు అడుగు లెక్క, ఫెడరల్ స్టాండర్డ్ 209ఈ నాటిది. దాన్ని 2001లోనే ఉపసంహరించారు. ఐఎస్ఓ 14644 పేరుతో రాయించుకోండి.

కొత్తగది:
అయ్యో, మా కొటేషన్‌లో క్లాస్ 10,000 అనే ఉంది. మార్పిస్తాను. మరి ఎఫ్‌ఎఫ్‌యూనా, డక్ట్ హెపానా?

చిల్లర్‌పక్కన:
మీ సైజు గదికి నా ఓటు ఎఫ్‌ఎఫ్‌యూకే. 1200 × 600 మి.మీ. యూనిట్ సెకనుకి 0.45 మీటర్ల వేగంతో గంటకు 1,160 చిల్లర క్యూబిక్ మీటర్లు ఇస్తుంది. రెండు పెడితే 2,160 వచ్చేస్తుంది. అయినా మూడు పెట్టండి. వేగం 0.28 దగ్గర నడుస్తాయి, శబ్దం తగ్గుతుంది, ఒకటి ఆగినా మిగతా రెండు లాక్కొస్తాయి. ఐఎస్ఓ 7లో గాలి కలిసి పలచబరుస్తుంది, 0.45 అనేది ఏకదిశ ప్రవాహం ఉన్న చోట చూసే అంకె. ఈసీ మోటార్లు (వేగం మార్చుకోగలిగేవి) అడగండి, ఫిల్టర్ నిండుతున్నా ఫ్లో స్థిరంగా పట్టుకునేవి దొరుకుతాయి.

నాకు నచ్చే ఇంకో గుణం: ఎఫ్‌ఎఫ్‌యూ పైన సీలింగ్ ప్లీనమ్ (సీలింగ్ పైనున్న ఖాళీ) గది కంటే తక్కువ ప్రెజర్‌లో ఉంటుంది. ఫ్రేమ్ దగ్గర లీకుంటే గది గాలి పైకి పోతుంది తప్ప పైనున్న దుమ్ము కిందికి రాదు. డక్ట్ హెపాలో తిరగబడుతుంది, గాస్కెట్ వదిలితే ఫిల్టర్ కాని గాలి నేరుగా బల్ల మీద పడుతుంది. అక్కడ జెల్ సీల్ తప్పనిసరి అంటాను.

గాలిలెక్క:
సగం ఒప్పుకుంటాను. ఎఫ్‌ఎఫ్‌యూ మోటారు వేడి గదిలోనే ఉండిపోతుంది, దానికి తోడు గౌన్లు వేసుకున్న మనుషులు. తిరిగే గాలికి కూలింగ్ కాయిల్ పెట్టకుండా ఎఫ్‌ఎఫ్‌యూలు మాత్రమే కొని, ఉక్కపోతలో పనిచేసిన గది నేను చూశాను. ఉక్కపోసిన మనిషి మాస్కు కిందికి లాక్కుంటాడు. అప్పుడు ఏ ఫిల్టరూ కాపాడదు. తేమ గట్టిగా పట్టుకోవాల్సిన ఉత్పత్తి అయితే ఏహెచ్‌యూ వైపే వెళ్లమంటాను.

ఏది పెట్టినా ఫిల్టర్ హెచ్14 (హెపాలో ఒక గ్రేడ్) అడిగి, పీఏఓ పరీక్షకి (నూనె తుంపరతో ఫిల్టర్ లీకు చూసేది) ఫిల్టర్ ముందు వైపు శాంపిల్ పోర్టు గదిలోంచే అందేలా ఉందో లేదో చూడండి. లేకపోతే ప్రతిసారీ సీలింగ్ ఎక్కాలి.

పొగపరీక్ష:
రికవరీ, అంటే గాలి మళ్లీ శుభ్రపడటానికి పట్టే సమయం కూడా లెక్కలో పెట్టండి. కణాలు నూరో వంతుకి తగ్గాలంటే, గాలి బాగా కలిసే గదిలో 4.6 ఎయిర్ చేంజెస్ పడుతుంది. గంటకు 40 అయితే 7 నిమిషాలు, 20 అయితే 14. ఎవరైనా తలుపు తెరిచి పట్టుకున్నాక మీరు ఎంతసేపు పని ఆపగలరో, ఆ సమాధానాన్ని బట్టి 20నా 40నా తేల్చుకోండి.

రిటర్న్ గ్రిల్స్ తలుపు వైపు గోడకి కిందగా, కానీ రెక్క చాపం బయట. సప్లై బల్లల మీద. తలుపులోంచి దూరింది బల్ల దాకా రాకముందే గ్రిల్ లాక్కోవాలి.

కొత్తగది:
ఎయిర్ షవర్ (లోపలికి వెళ్లేవాళ్ల మీద గాలి ఊది దుమ్ము దులిపే క్యాబిన్) కూడా కొటేషన్‌లో చేర్చారు. కావాలా?

నైట్‌షిఫ్ట్:
మీకు వద్దు. ఆ స్థలం గౌనింగ్ రూమ్‌కి ఇవ్వండి. బెంచీ దాటి కాలు పెట్టే చోటు ఇరుకైతే జనం గౌనుని నేలకి తగిలిస్తారు. షవర్ దాన్ని దులపదు.

పొగపరీక్ష:
మేడంతో ఏకీభవిస్తున్నా.

కొత్తగది:
నిన్న మేనేజర్ గారితో కూర్చున్నాను. లెక్కలు చూపించాక ఆయనే డబుల్ డోర్ కొట్టేశారు. పాస్ బాక్స్, విప్పే ప్యానెల్, సింగిల్ డోర్ లోపలికి తెరుచుకునేలా (ఫైర్ వాళ్లు మా జనసంఖ్యకి అభ్యంతరం లేదన్నారు), గోడలో ఫ్లాప్, మూడు ఎఫ్‌ఎఫ్‌యూలు, చిన్న ఫ్రెష్ ఎయిర్ యూనిట్, కాయిల్. తలుపు గేజ్ 0 నుంచి 30 పాస్కల్స్‌ది అడిగాను.

చౌకట్టు:
గేజ్ బాగుంది, 15 సరిగ్గా నడిమధ్య ఉంటుంది. గోడకి బిగించాక రెండు ట్యూబులూ విప్పి సున్నా చూపిస్తోందో లేదో చూడు తమ్ముడూ.

కొత్తగది:
ఏడు నెలల తర్వాత వచ్చి రాస్తున్నాను. నిన్న పొగ పరీక్ష అయింది. బల్లల దగ్గర పొగ నిటారుగా దిగి గ్రిల్స్ వైపు పోయింది. తలుపు దగ్గర మాత్రం బందుల వైపు అడుగు మూలలో పొగ చురుగ్గా లాగేసింది, హ్యాండిల్ వైపు కదలిక లేదు. డ్రాప్ సీల్ ఒక పక్కే దిగుతోంది. గేజ్ మీద ముల్లు 12 దగ్గర ఊగుతోంది.

చౌకట్టు:
రెక్క తెరిచి బందుల వైపు అంచు కింద చూడు. ఫ్రేమ్‌కి తగిలే చిన్న ప్లంజర్ ఉంటుంది. దాన్ని కొద్దిగా బయటికి తిప్పు, ఒక్కసారి సగం చుట్టు మించకు. కాగితం ముక్క అడుగున పెట్టి తలుపు మూసి లాగు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే బిగువు తెలియాలి.

కొత్తగది:
రెండుసార్లు సగం సగం తిప్పాను. కాగితం మూడు చోట్లా ఒకేలా పట్టింది. ఆ మూల పొగ ఇప్పుడు లాగడం లేదు. ముల్లు 19కి వెళ్లింది, ఫ్లాప్ బరువు కొంచెం జరిపితే 15కి వచ్చి నిలబడింది. ఫ్యాన్లు నడుస్తుండగానే చౌకట్టు అన్నా, తలుపు పదిసార్లు తీసి వేసి చూశాను. పదిసార్లూ దానంతట అదే మూసుకుంది. గౌనింగ్ రూమ్‌లో ఎమర్జెన్సీ బటన్ ఎక్కడుందో అందరి చేతా నొక్కించాం.